సున్నా శబ్దం

చారు గిన్నె దించి గట్టు కింద పీట మీద పెట్టడం ప్రసూన చేసిన పొరపాటు. రెండు పొయ్యిల మీదా ఏదో ఒకటి ఉడుకుతోంది, గట్టు నిండా తరిగిన దొండకాయలు పరచుకున్నాయి, ఒక్క క్షణంలో తీసేద్దామనుకుంది. వంటింట్లో జరిగే ప్రమాదాలన్నీ ఒక్క క్షణంలో తీసేద్దామనుకున్న వాటివల్లే జరుగుతాయి.

వెనక్కి తిరిగేసరికి కూతురు గుమ్మంలో ఉంది. రెండున్నరేళ్లది. బారసాలనాడు పెట్టిన పేరు మేదిని, ఆ మర్నాటి నుంచీ అందరూ పిలిచేది బుడంకాయ్. ఎప్పుడూ నెత్తిన ఉండే పసుపు టోపీ ఛార్జింగులో ఉండటంతో తల బోసిగా ఉంది. చేతిలో చెంచా. చెంచా దొరికిన పిల్లకి గిన్నె కావాలి కదా, నేరుగా పొగలు కక్కుతున్న చారు వైపు నడిచింది.

"బుడంకాయ్, అటు వద్దమ్మా."

పిల్ల నడుస్తూనే ఉంది.

"ఆగమంటున్నానా. మేదినీ, ఆగు. ఆగవే."

తిరగలేదు. మొండికేసిన పిల్లయితే వినీ విననట్టు ఓరగా చూస్తుంది. ఆ చూపు ప్రసూనకి బాగా తెలుసు. ఇది అది కాదు. ఆ వంటింట్లో రెండో మనిషే లేనట్టు నడుస్తోంది. మధ్యలో గ్యాసు సిలిండరు అడ్డం. ప్రసూన దాని మీంచి ఒంగి చెయ్యి చాపింది, అందలేదు.

"ఏయ్ గుంటా, ఎక్కడికే," అని హాల్లోంచి వినపడింది.

పిల్ల ఠక్కున ఆగింది. నాయనమ్మ గొంతు వచ్చిన వైపు తిరిగి నవ్వింది. ఆ సందులో ప్రసూన సిలిండరు చుట్టి వచ్చి గిన్నెని అవతలికి తోసేసింది. సగం చారు నేల మీద, కాస్త ఆమె మణికట్టు మీద.

అత్తగారు వరహాలమ్మగారు మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆవిడకి ఈల కొనాల్సిన అవసరం రాలేదు, గొంతే సరిపోయింది. వచ్చి, పిల్లని చంకనేసుకుని, కోడలి చెయ్యి కుళాయి కింద పెట్టారు.

"నువ్వు పిలవడం నాకు హాల్లోకి వినపడింది," అన్నారు. "పక్కనున్న దానికెందుకు వినపడలేదు?"

ప్రసూన పిల్ల చెవుల వైపు చూసింది. నీళ్లు చేతి మీద కాలిన చోట పడుతున్నాయి.

*

ఆ పసుపు టోపీ పేరు ఇంపు. దాని పుట్టుకకి ఒక రకంగా ఈ పిల్లే కారణం.

నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పెద్ద సమస్య ఒకటే, దీనికి ఏ పాట పెట్టాలి అని. సినిమా పాటలు పెడితే పిల్ల నడుం తిప్పడం నేర్చుకుంది. అది చూసి వరహాలమ్మగారు కొడుకుతో మాట్లాడటం మానేశారు, పాట పెట్టింది కోడలైనా సరే. ఫోనులో పిల్లల పాటలు పెడితే కీచుగొంతుతో గంతులేసే ఆ బొమ్మల్ని చూసి జడుసుకుంది. భజనలు పెడితే ఫోను తీసుకెళ్లి బకెట్లో వేసింది. పసిపిల్లల్ని నిద్రపుచ్చే సంగీతమని ఎవరో చెప్పారు. దానికి జగదీష్ నిద్రపోయాడు.

జగదీష్ ప్రసూన భర్త. కాకినాడలో బీచ్ రోడ్డు దగ్గరున్న శబ్ద పరిశోధనశాలలో సైంటిస్టు. పిల్లకి ఏ పాట ఇష్టమో పెద్దవాళ్లు వెతకడం దేనికి, పిల్లనే అడిగితే సరిపోతుంది కదా అనుకున్నాడు. మాటలు రాని పిల్లని ఎలా అడగాలో ఆలోచించాడు. అలా తయారైంది టోపీ. పిల్ల నాడి, తలలో పుట్టే సన్నటి విద్యుత్తు అది లోపల్నుంచి చదువుతుంది. ఒక చిన్న వరుస వాయిస్తుంది. పిల్లకి నచ్చితే దాన్ని పెంచుతుంది, నచ్చకపోతే అక్కడే తుంచేస్తుంది. పిల్ల ఒక నెల పెరిగితే పాట కూడా ఆ నెలకి తగ్గట్టు పెరుగుతుంది. ఇంకెవరి పిల్లకీ ఆ పాట లేదు.

మొదటిసారి పెట్టిన రోజు బుడంకాయ్ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. తర్వాత కిలకిలా నవ్వింది. జగదీష్ కళ్లు తుడుచుకున్నాడు. ప్రసూన ఒక పూట ప్రశాంతంగా ఇడ్లీ పిండి రుబ్బుకుంది, అంతకంటే గొప్ప వైజ్ఞానిక విజయం తన ఎరుకలో లేదనుకుంది.

ఇప్పుడా టోపీ లేకపోతే పిల్ల ముద్ద మింగదు. ఛార్జింగు పూర్తయ్యే వేళకి మళ్లీ తల మీద పెట్టాలి. ఆలస్యమైతే ముందు కింది పెదవి వణుకుతుంది, ఆపైన ఏడుపుకి వీధి వీధంతా ఏకమవుతుంది.

*

చెవుల డాక్టరు పరీక్ష చేసి, "భేషైన చెవులండీ, మనకి కూడా ఇలాంటివి ఉంటే బాగుండును," అన్నాడు.

ప్రసూన తన పరీక్ష తాను చేసుకుంది. బీఎస్సీ చదివే రోజుల్లో హాస్టల్లో ఆమె ఒక విద్యలో ఆరితేరింది. వార్డెన్ గొంతుతో తలుపు బయట నిలబడి మాట్లాడితే గదుల్లో లైట్లు వరసగా ఆరిపోయేవి. ఆ విద్యని ఇన్నాళ్లకి దులిపి బయటికి తీసింది. టోపీ లేనప్పుడు పిల్ల వెనక నిలబడి, తన గొంతుతో, "బుడంకాయ్," అంది. ఉలుకూ పలుకూ లేదు. కూరల బండి అబ్బాయి గొంతుతో, "దొండకాయలమ్మా," అంది. పిల్ల తిరిగింది. జగదీష్‌లా ముక్కుతో, "ఎవరదీ," అంది. తిరిగింది. అత్తగారి గొంతుతో పిలిస్తే లేచి పరిగెత్తుకొచ్చింది. మళ్లీ తన గొంతుతో పిలిచింది.

పిల్ల మూతలతో ఆడుకుంటూ ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం వరహాలమ్మగారు కునుకు తీసి లేచేసరికి వంటింట్లోంచి తన గొంతే తనకి వినపడింది. వెళ్లి చూస్తే కోడలు పిల్లకి అన్నం కలిపి పెడుతూ, "తినవే గుంటా, ఒక్క ముద్దే," అంటోంది.

"ఏంటమ్మా, వెక్కిరిస్తున్నావా నన్ను?"

"లేదండీ అత్తయ్యగారూ, అన్నం పెడుతున్నాను. నా గొంతుతో పెడితే దానికి అందటం లేదు."

అత్తగారికి నవ్వు రాబోయింది. కోడలి ముఖం చూశాక ఆ నవ్వు గడప దాటలేదు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, ఆ పూటకి తన గొంతు తానే అరువిచ్చారు.

*

సాయంత్రం జగదీష్ వచ్చి కాఫీ అందుకునే దాకా ప్రసూన ఆగింది.

"టోపీ మొదట పెట్టిన రోజు ఏదో సున్నా పట్టాలన్నారు కదండీ. ఏంటది?"

భార్య తన పని గురించి అడగటం అతనికి సంబరం. "బరువు తూచే ముందు ఖాళీ పళ్లెం పెట్టి ముల్లు సున్నాకి తెస్తారు చూడు, అలాగన్నమాట. పిల్ల ఏ హడావుడీ లేకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు చుట్టూ ఏ శబ్దం ఉంటే దాన్ని టోపీ పట్టుకుంటుంది. అది ఖాళీ పళ్లెం. ఆ తర్వాత ఆ శబ్దం ఎప్పుడొచ్చినా చెరిపేస్తుంది. పాట మీద మరక పడకూడదు కదా."

"మన ఇంటి ఖాళీ పళ్లెం ఒకసారి వినిపించండి."

లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద పిల్ల గుండె గీత మెత్తగా, అలల్లేని నీళ్లలా సాగుతోంది. ముందు కత్తిపీట మీద కాయలు తెగుతున్న చప్పుడు. కుక్కర్ ఈల. ఆ వెనకాల ఒక ఆడగొంతు, శ్రుతి ఒక వైపు, తాను ఒక వైపు,

*బండెక్కి వచ్చింది బెండకాయా*
*బడికెళ్లనన్నది దొండకాయా*

అని పాడుతోంది. పాట మధ్యలో ఆపి, "ఏమండీ, పాలు చూడండి, మీ సైన్సు తర్వాత," అంటోంది. మళ్లీ బెండకాయ దగ్గరికి వెళ్లిపోతోంది.

పెళ్లయి ఏడేళ్లయ్యాక భార్య గొంతు భర్త చెవికి సున్నా కింద లెక్క అని ప్రసూనకి తెలియక కాదు. కానీ ఆ లెక్కని యంత్రానికెక్కించి పిల్లకి కూడా నేర్పుతాడనుకోలేదు.

"ఆ పళ్లెం ఖాళీగా లేదండీ," అంది. "అందులో నేనున్నాను."

జగదీష్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. గీత వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. చారు సంగతి, చెవుల డాక్టరు సంగతి, అన్నీ ఇప్పుడొకచోటికి చేరుతున్నట్టున్నాయి. పిల్ల ఆ రోజు వంటింటి నేల మీద కూర్చుని మూతలతో ఆడుకుంది. ఎంత నిదానమైన నాడి అని తాను మురిసిపోయాడు.

"టోపీ తీసినప్పుడు కూడా ఎందుకు వినపడట్లేదు?"

"పొద్దస్తమానం లేని శబ్దాన్ని..." అతను లాప్‌టాప్ మూసేశాడు. "తల కూడా లేదనే అనుకుంటుంది. అలవాటైపోతుంది."

"మిగతా ఇళ్లల్లో?"

పరీక్ష కోసం టోపీలిచ్చిన ఇళ్లు ఊళ్లో ఇంకొన్ని ఉన్నాయి. "అందరికీ ఒకటే చెప్పాం. పిల్ల ప్రశాంతంగా ఉన్నప్పుడు సున్నా పట్టండి అని."

"ఎప్పుడుంటారు పిల్లలు ప్రశాంతంగా?"

గుమ్మంలోంచి వరహాలమ్మగారు పలికారు. "తల్లి ఒళ్లో ఉన్నప్పుడురా. అది చెప్పడానికి నీ టోపీ కావాలా?"

శుక్రవారం ల్యాబులో పెద్ద ప్రదర్శన. వచ్చే నెల టోపీ బజారులోకి వెళ్తుంది. డైరెక్టరు అహల్య మేడమ్ ఊళ్లో పెద్దలందర్నీ పిలిచారు. ఆ ఒక్కటీ అయ్యాక నెమ్మదిగా చెబుతానన్నాడు జగదీష్. ఇప్పుడు చెబితే ఏడాది పని, తన ఉద్యోగం రెండూ పోతాయన్నాడు. నాలుగు రోజుల్లో ఏం మునిగిపోతుందన్నాడు.

"సరేలెండి," అంది ప్రసూన.

ఆ మాట ఆమె వాదించకుండా అన్నప్పుడల్లా తర్వాత ఏదో ఒకటి జరిగింది. జగదీష్‌కి ఆ సంగతి తెలుసు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

*

శుక్రవారం ల్యాబు హాల్లో పెద్ద తివాచీ పరిచి ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టారు. ఆరు పసుపు టోపీలు ఆరు రకాలుగా ఊగుతున్నాయి. వెనక వరసలో తల్లులు, ముందు వరసలో అతిథులు. ఒక్క పిల్లా ఏడవటం లేదు, పాకటం లేదు, పక్క పిల్ల జుట్టు పీకటం లేదు.

"ఎంత బుద్ధిగా ఉన్నారో చూడండి," అని ఒక పెద్దాయన మెచ్చుకున్నాడు.

అహల్య మేడమ్ మైకు అందుకున్నారు. నెరిసిన జుట్టు, నేత చీర, ఎదుటివాళ్లు ఒప్పుకునేదాకా చిరునవ్వు చెరగని మనిషి. "ఇంపు పెట్టుకున్న మొట్టమొదటి పాప వాళ్లమ్మ రెండు ముక్కలు చెబుతారు," అన్నారు.

ప్రసూన లేచింది. కాలిన మణికట్టు మీద కొంగు కప్పుకుంది. భర్త వైపు చూడలేదు, చూస్తే ధైర్యం జారుతుందని.

"నాకు ఉపన్యాసాలు రావండి. పిల్లలతో ఒక ఆట ఆడదామా? టోపీలు ఒక్కసారి తీసేయండి. తల్లులు ఉన్నచోటి నుంచే ఎవరి పిల్లని వాళ్లు పిలవండి. ముందెవరు తిరుగుతారో చూద్దాం."

తల్లులు నవ్వారు. పిల్లల ఆట అంటే ఎవరు కాదంటారు. సహాయకులు టోపీలు తీశారు.

"చిన్నూ."

"అమ్మలూ, ఇటు చూడమ్మా."

"నాన్నా, ఇక్కడ, ఇక్కడున్నాను."

ఒక్క తల తిరగలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ముదురాకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ మాత్రం ఆపకుండా పిలుస్తోంది. మొదట ముద్దుగా, తర్వాత గట్టిగా, తర్వాత ఎవరో తన ఒళ్లోంచి పిల్లాణ్ని లాక్కుపోతున్నట్టుగా. "ఒరే హర్షా. హర్షా. అమ్మనురా." పిల్లాడు తివాచీ పోగు ఒకటి లాగుతూ కూర్చున్నాడు.

టీ తెచ్చిన అటెండరు ఆ గొంతుకి కంగారుపడి పళ్లెంలోంచి చెంచా జారవిడిచాడు. అది గచ్చు మీద పడి ఖంగుమంది.

ఆరు తలలూ ఒకేసారి అటు తిరిగాయి.

చెంచా చప్పుడుకి లెక్కలో ఉన్న చోటు తమకి లేదని మిగతా అయిదుగురు తల్లులకీ ఒకేసారి తెలిసింది. అహల్య మేడమ్ మైకు చేత్తో మూశారు. "జగదీష్, వీళ్లని టీకి తీసుకెళ్లండి. మనం తర్వాత మాట్లాడుకుందాం."

జగదీష్ లేచాడు. ప్రసూన ఆ లేవడంలో ఎటు అడుగు పడుతుందో చూస్తూ నిలబడింది. అతను తలుపు వైపు వెళ్లలేదు. తివాచీ దగ్గరికి వచ్చి, కూతురి పక్కన నేల మీద కూలబడ్డాడు.

"సున్నా తప్పు పెట్టామండీ," అన్నాడు, మైకు లేకుండానే. "తల్లుల గొంతుల్ని సున్నా చేశాం. నేనే చేశాను."

"ఇప్పుడు కాదు జగదీష్."

"ఇప్పుడేనండి మేడమ్."

అప్పటికి పిల్లల పెదవులు వణకడం మొదలైంది. ఒకరు ఏడుపు లంకించుకున్నారు, మిగతావాళ్లు అందుకున్నారు. తల్లులు పరిగెత్తి ఎత్తుకున్నారు, జోకొట్టారు, ఊరుకోమ్మా ఊరుకో అన్నారు. ఊరుకోబెట్టేది ఆ చేతులొక్కటే కాదు, ఆ గొంతులు కూడా. అవి అందటం లేదు. చివరికి ఒక్కొక్కరే, పళ్లు బిగబట్టి, టోపీలు మళ్లీ పిల్లల తలల మీద పెట్టారు. హర్ష వాళ్లమ్మ అన్నింటికన్నా ఆఖర్న పెట్టింది. పెడుతూ ఆవిడ ప్రసూన వైపు చూసిన చూపులో కృతజ్ఞత ఎంత ఉందో, శాపం ఎంత ఉందో విడదీయడం కష్టం.

*

బజారు మాట ఆగిపోయింది. జగదీష్‌ని సెలవులో ఉండమన్నారు. కానీ పిల్లల తలల మీద టోపీలు అలాగే ఉన్నాయి. తీస్తే తిండి లేదు, నిద్ర లేదు. ఉంచితే తల్లి లేదు.

"సున్నా మార్చేయొచ్చు," అన్నాడు జగదీష్, వంటింటి గడప మీద కూర్చుని. "కానీ పాట ఉన్నంతసేపూ దానికి నీ గొంతుతో పనిలేదు. ఈ పాట ముందు ఏదీ నిలవదు ప్రసూనా. అంత బాగా చేశాను."

చివరి మాట అతను ఏడుపు గొంతుతోనే అన్నాడు గానీ, అందులో కాస్త గర్వం ఉందని ప్రసూన కనిపెట్టకపోలేదు. ఆమె దొండకాయ తొడిమ తీస్తూ ఆగింది.

"కొత్త సున్నా కింద ఏ శబ్దమైనా పెట్టొచ్చా?"

"ఏదైనా."

"అయితే దాని పాటే దానికి పెట్టండి."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. టోపీ తన పాటని తానే సున్నా అనుకుంటుంది. వాయించిన ప్రతి వరుసనీ తానే చెరుపుకుంటుంది. మరో వరుస కడుతుంది, అదీ తనదే, అదీ చెరుపుతుంది. ఒక్కసారిగా కాదు, పలచబడుతూ, పలచబడుతూ... పిల్ల తల మీద టోపీ ఉంటుంది, వెచ్చదనం ఉంటుంది. మెల్లిగా పాటొకటే ఉండదు.

"నువ్వు ల్యాబులో ఉండాల్సిందానివి," అన్నాడు.

"ల్యాబు నా వంటింట్లో ఉంది, మీరే గమనించలేదు. లేవండి, పని చూడండి."

మర్నాటికి టోపీలో పాట సన్నగిల్లడం మొదలైంది. జగదీష్ మిగతా ఇళ్లకి కూడా తిరిగి అదే చేసొచ్చాడు. హర్ష వాళ్లమ్మ అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి, పని అయ్యేదాకా పక్కనుంచి కదల్లేదట.

వరహాలమ్మగారు తన వంతుగా ఒక త్యాగం చేశారు. "దీనికి వినపడే గొంతు ఇంట్లో ఇంకోటి ఉంటే నీ గొంతుని ఎందుకు వెతుక్కుంటుంది? నేను నోరు మూసుకుంటాను," అన్నారు. ఆవిడ నోట్లోంచి ఆ మాట వింటానని ప్రసూన కలలో కూడా అనుకోలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నీ చేతి సైగలే, డ్రిల్లులో మాదిరి. చెయ్యి ఎత్తితే కాఫీ, పక్కకి చాపితే పేపరు, రెండు చేతులూ నడుం మీద పెడితే వంట ఆలస్యమైందని.

ప్రసూన పాడింది. గొంతు మార్చడం మానేసి, తన గొంతుతోనే. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, అన్నం కలుపుతూ అదే బెండకాయ, అదే దొండకాయ. పిల్ల మాటిమాటికీ టోపీని తట్టి చూసుకునేది, బ్యాటరీ అయిపోయిన బొమ్మని తట్టినట్టు. ఏడ్చేది. అలిసిపోయి తినేది. తల్లి వైపు మాత్రం తిరిగేది కాదు. ఒక పూట ప్రసూన చరణం మధ్యలో ఆగిపోయింది. వరహాలమ్మగారు ఎదురుగా నిలబడి చెయ్యి పైకెత్తి గాల్లో గుండ్రంగా తిప్పారు. మళ్లీ మొదట్నుంచీ అని.

ఆమె మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకుంది.

టోపీ పూర్తిగా మూగబోయిన తర్వాత ఒక ఉదయం, బుడంకాయ్ వంటింటి నేల మీద మూతలతో ఆడుకుంటోంది. టోపీని ఎప్పుడు తీసిందో తీసి బంగాళాదుంపల బుట్టలో పడేసింది. కుక్కర్ ఈల వేసింది. ప్రసూన కత్తిపీట ముందు కూర్చుని, పిల్ల వైపు చూడకుండా, చూస్తే ఆశ పుడుతుందని చూడకుండా పాడుతోంది.

*బండెక్కి వచ్చింది బెండకాయా...*

మూతల చప్పుడు ఆగింది.

ప్రసూన చేతిలో కాయ ఆగింది. పాట మాత్రం ఆపలేదు. *బడికెళ్లనన్నది...* అంటూ ఎప్పుడూ జారే చోటే శ్రుతి జారింది.

"అమ్మా," అంది వెనకనుంచి పిల్ల. కనుబొమలు ముడిచి, చేతిలో మూత పట్టుకుని, సూటిగా ఆమె ముఖంలోకే చూస్తోంది. ప్రపంచంలోకెల్లా మంచి సంగీతం నాలుగు నెలలు విన్న పిల్ల. "అమ్మా, పాడకు."

హాల్లో కుర్చీ జరిగింది. వరహాలమ్మగారి మౌనం ఠపీమని తెగింది. "ఏమందే? ఏమంది?"

"పాడొద్దంటోందండీ," అంది ప్రసూన. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, తుడుచుకోలేదు. గొంతు సవరించుకుని, ఇంకాస్త గట్టిగా, అదే చోట అదే తప్పు చేస్తూ మళ్లీ ఎత్తుకుంది.

బుడంకాయ్ మూత కింద పడేసి రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది.